మందు ముందా, మానుట ముందా?

మన ఇండ్లలో ఎవరికైనను కన్నులు పచ్చబడినచో కామెర్లందుము. పసరు పోయింతుము, పథ్యము పెట్టుదుము. కొన్నాళ్ళకు ఆ పసుపు తగ్గును. జబ్బు పోయినదని నిశ్చింతగా నుందుము. వైద్యశాస్త్రము ననుసరించి కామెర్లనునది ఒక రోగమునకు పేరు కాదు. కాలేయము బాధ చెప్పుకొను విధములలో అది యొకటి. ఆ బాధకు కారణములనేకము. అందు కొన్ని తమంతట తాము మానును, కొన్ని ఎంతకును మానవు. కన్నులు పచ్చబడనీయక, ఆకలి చెడనీయక, ఇరువది ఏండ్లు చప్పుడు చేయకుండ కాలేయమును పాడుచేయు రోగము కూడ ఒకటి కలదు. దానిని వైద్యులు హెపటైటిస్ సి అందురు.

ఈ రోగమునకు నేడు మంచి మందు కలదు. పండ్రెండు వారములు బిళ్ళలు మ్రింగినచో నూటికి తొంబదియైదుగురికి పైగా పూర్తిగా నయమగును. ఇంతవరకు ఎవరికిని వివాదము లేదు. అయితే ఈ రోగము నేడు ఎక్కువగా ఎవరిని పట్టుచున్నదనగా, హెరాయిన్ వంటి నల్లమందు జాతి మత్తుపదార్థములను సూదితో ఎక్కించుకొనువారిని. అట్టివానికి ఈ మందును ఎప్పుడు ఈయవలెను? "ముందు ఆ వ్యసనము మానుము, తరువాత వైద్యము చేయుదుము" అనవలెనా? లేక వ్యసనము ఉండగనే చికిత్స ఆరంభింపవలెనా? పలు దేశముల వైద్యులను ముప్పది ఏండ్లుగా వేధించిన ప్రశ్న ఇది. అట్టి బిడ్డ యున్న ప్రతి ఇంటిలోను తల్లిదండ్రులను వేధించు ప్రశ్నయు ఇదియే. దీనికి శాస్త్రము చెప్పిన సమాధానమేమో, అది ఎట్లు తేలినదో ఈ ప్రసంగములో వివరింప దలచితిమి.

మొదట రోగము సంగతి. 1970 తరువాతి కాలమున అమెరికాలోని వైద్యులొక వింతను గమనించిరి. రక్తము ఎక్కించుకొనిన రోగులలో కొందరికి కాలేయము వాచుచుండెను. అప్పటికి తెలిసిన ఏ జాతి వైరస్ గాని, బి జాతి వైరస్ గాని వారిలో కనబడలేదు. అసలు దోషి తెలియక దానికి "ఏ కాదు, బి కాదు" అని పేరు పెట్టిరి. 1989లో మైకేల్ హౌటన్ అను శాస్త్రజ్ఞుడును ఆయన సహచరులును ఆ వైరస్‌ను గుర్తించి దానికి సి అని పేరిడిరి. ఈ పరిశోధనకు గాను హార్వీ ఆల్టర్, మైకేల్ హౌటన్, చార్ల్స్ రైస్ అను మువ్వురికి 2020లో వైద్యశాస్త్రమున నోబెల్ బహుమానము లభించెను. వైరస్ తెలిసిన పిమ్మట రక్తనిధులలో పరీక్షలు వచ్చెను. మన దేశమున దాతల రక్తమును హెపటైటిస్ సి కొరకు పరీక్షించుట 2001లో విధి యయ్యెను. అంతకు పూర్వము రక్తము ఎక్కించుకొనినవారిలో ఏ వ్యసనమును ఎరుగని గృహస్థులకు సైతము ఈ రోగము సోకి యుండవచ్చును.

ఈ వైరస్ రక్తము ద్వారా ప్రాకును. ఒకరి రక్తములోని ఒక బిందువు మరియొకరి రక్తములో కలిసినపుడే ప్రమాదము. ఒకే కంచములో తినుట, ఒకే పక్కపై పరుండుట, చేయి పట్టుకొనుట, దగ్గు, తుమ్ము, నీరు, వీనివలన రాదు. సరిగా శుభ్రము చేయని సూదులు, సిరంజీలు, పచ్చబొట్టు సూదులు, ఇతరుల క్షురకర్మ కత్తులు, ఇవి దాని మార్గములు. సిరంజీలో మిగిలిన రక్తమున ఈ వైరస్ 63 దినముల వరకు జీవించి యుండగలదని ప్రయోగశాలలో తేలినది.

ఈజిప్టు దేశపు చరిత్ర ఇచ్చట చెప్పదగినది. నీటిలోని నత్తల మూలమున వచ్చు బిల్హార్జియా అను జబ్బును తొలగింపవలెనని ఆ దేశ ప్రభుత్వము 1950 దశకము నుండి 1980 దశకము వరకు గ్రామ గ్రామమున ప్రజలకు సూదిమందు వేయించెను. సంకల్పము మంచిదే. గాజు సిరంజీలను మాత్రము తగినంతగా ఉడికింపకయే ఒకరి తరువాత ఒకరికి వాడిరి. ఫలితముగ ప్రపంచములో హెపటైటిస్ సి మిక్కిలి హెచ్చుగా గల దేశములలో ఈజిప్టు ఒకటి యయ్యెను. ఆ రైతులు చేసిన పాపమేమి? వైరస్‌కు మనుజుని గుణదోషములతో పని లేదు. సూది ప్రభుత్వ వైద్యుని చేతిలోనిదైనను, చీకటి సందులో మత్తునకు బానిసయైన యువకుని చేతిలోనిదైనను, దానికి ఒక్కటే.

వైరస్ సోకినవారిలో రమారమి నూటికి ముప్పదిమందికి ఆరు నెలలలో దానంతటది పోవును. మిగిలినవారిలో అది స్థిరపడును. స్థిరపడినవారిలో నూటికి పదునైదు మొదలు ముప్పదిమందికి ఇరువది ఏండ్లలోపల కాలేయము గట్టిపడి ముడుతలు పడును. దీనిని సిరోసిస్ అందురు. ఆపైన కడుపున నీరు చేరుట, రక్తము కక్కుట, కాలేయమునకు క్యాన్సర్ వచ్చుట సంభవించును. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారము ఈ రోగము గలవారు లోకమున రమారమి 5 కోట్లమంది. 2022లో దీనివలన మరణించినవారు సుమారు 2 లక్షల 42 వేలమంది. దీనికి టీకా లేదు. కావున సోకకుండ చూచుకొనుట, సోకినవారికి చికిత్స చేయుట, ఈ రెండే మార్గములు.

ఇక వ్యసనము సంగతి. మన వంటయింటిలోని గసగసాలు ఏ మొక్క గింజలో, ఆ మొక్క పచ్చికాయను గీరగా కారు పాలే ఎండి నల్లమందగును. అందు మార్ఫిన్ అను సారము కలదు. నొప్పిని చల్లార్చుటలో దానికి సాటి మందు అరుదు. మార్ఫిన్‌ను రసాయనికముగ మార్చగా హెరాయిన్ వచ్చినది. 1898లో జర్మనీలో దానిని దగ్గుమందుగా అమ్మిరి. ఈ జాతిలోనివే నేడు మందుల దుకాణములలో నొప్పులకు అమ్ము కొన్ని బిళ్ళలు. మన మెదడులో ఈ పదార్థములను అందుకొను గ్రాహకములు సహజముగనే కలవు. దినదినము వానిని బలవంతముగ నింపుచున్నచో, మెదడు తన సొంత ఏర్పాటును తగ్గించుకొనును. అప్పుడు మత్తు అందనిచో చెమట, వణకు, వాంతులు, విరేచనములు, ఎముకల నొప్పి, నిద్రలేమి కలుగును. అలవాటైనవాడు కొంతకాలమునకు సుఖము కొరకు గాక ఈ బాధ తప్పించుకొనుటకే సూది పట్టును. "మనసు గట్టి చేసికొని మానరాదా?" అని మనము సులభముగ అందుము. మెదడు పని తీరే మారిన తరువాత మనసు గట్టితనమొక్కటియే చాలదు. అందుచేతనే వైద్యులు దీనిని దీర్ఘరోగములలో చేర్చిరి.

మన దేశమున ఈ రెండు రోగములు జంటగా కనబడు ప్రాంతములు కొన్ని కలవు. బర్మా సరిహద్దున గల మణిపురములో 1980 దశకము నుండి హెరాయిన్ సూదుల వాడుక ప్రబలెను. హెచ్.ఐ.వి. కూడ సోకిన అట్టివారిని గూర్చి అచ్చట జరిపి 2000లో ప్రచురించిన ఒక పరిశోధనలో నూటికి తొంబదిమందికి పైగా హెపటైటిస్ సి కనబడెను. సూది ముట్టని వారి భార్యలలో కూడ కొందరికి అది సోకి యుండెను. పశ్చిమమున పంజాబు మరియొక ప్రాంతము. 2019లో కేంద్ర సాంఘిక న్యాయ శాఖ ప్రకటించిన సర్వే ప్రకారము మన దేశమున మత్తుపదార్థములను సూదితో ఎక్కించుకొనువారు సుమారు 8 లక్షల 50 వేలమంది. నల్లమందు జాతి పదార్థములవలన వైద్యసహాయము అవసరమైనవారు రమారమి 77 లక్షలమంది. ఇది ఎక్కడనో సరిహద్దుల దగ్గరి సంగతి యని తెలుగు ఇండ్లవారు అనుకొనుటకు వీలులేదు. చదువు కొరకు, ఉద్యోగము కొరకు మన పిల్లలు పోని రాష్ట్రము, పోని దేశము నేడు ఏదియు లేదు.

ఇప్పుడు ముఖ్య ప్రశ్నకు వత్తము. "ముందు మానుము, పిదప మందు" అను నియమము ఎట్లు వచ్చినది? అది కేవలము కఠిన హృదయముతో పుట్టినది కాదు. 1990 దశకమున ఈ రోగమునకు ఇంటర్‌ఫెరాన్ అను సూదిమందే గతి. దానికి తోడుగ రిబావిరిన్ అను బిళ్ళ. ఈ చికిత్స ఆరు నెలలు గాని, ఏడాది గాని సాగించవలసి యుండెను. వారము వారము చలిజ్వరము వచ్చును, వెండ్రుకలు రాలును, రక్తము క్షీణించును, మనసు క్రుంగి ఆత్మహత్య తలంపులు కూడ కలుగును. ఇంత బాధ పడినను నయమగువారు రమారమి సగముమంది. సూదుల నుండి దూరముగ నుంచవలసిన మనుజుని చేతికి ఆ వైద్యమే ఒక సూదిని ఇచ్చుచుండెను. ఈ పరిస్థితులలో 1997లో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలు సమావేశపరచిన నిపుణుల సభ, మత్తుపదార్థములు వాడువారు కనీసము ఆరు నెలలు మానువరకు చికిత్సను వాయిదా వేయవలెనని సలహా ఇచ్చెను. 2002లో అట్టి సభయే మరల కూడి, ఒక్కొక్క రోగి స్థితిని బట్టి నిర్ణయింపవలెనని ఆ సలహాను సడలించెను. ఒకసారి పాతుకొనిన నియమము అంత సులభముగ పోవునా? సలహా సడలినను వాడుక సడలలేదు.

ఆ నియమపు ఫలితము ఏమైనదో ఆలోచింతము. మానలేకపోవుటయే ఆ రోగము లక్షణము. ఆ లక్షణము పోయిన తరువాతనే వైద్యమనుట, జ్వరము తగ్గిన పిదప జ్వరపు మందు ఇత్తుమనుట వంటిది. ఆరు నెలల గడువు పెట్టినపుడు రోగి ఆరు నెలలకు తిరిగి రాడు. ఆరేండ్లకు, కడుపు ఉబ్బి, ఇతరులు మోసికొనిరాగా వచ్చును. ఈలోపల అతని సిరంజీ ఎందరి చేతులు మారినదో లెక్క లేదు.

2013 డిసెంబరులో సోఫాస్‌బువిర్ అను బిళ్ళను అమెరికా ప్రభుత్వము అనుమతించెను. దానితో కథ మారినది. ఇది పనిచేయు విధము తెలిసికొనదగినది. వైరస్ మన కాలేయ కణములో ప్రవేశించి తన ప్రతులను తాను వ్రాయించుకొనును. వ్రాత పనికి దానికొక ఎంజైము, అనగా ఒక లేఖకుడు, కలదు. సోఫాస్‌బువిర్ శరీరములో మారి, ఆ వ్రాతలోని ఒక అక్షరమును పోలిన నకిలీ అక్షరమగును. లేఖకుడు దానిని నిజమైన అక్షరమనుకొని పంక్తిలో చేర్చును. అంతటితో పంక్తి ఆగిపోవును. డక్లాటాస్‌విర్, వెల్పాటాస్‌విర్ అను తోడు మందులు వైరస్‌కు అవసరమైన మరియొక ప్రోటీనును పట్టి కట్టివేయును. హెచ్.ఐ.వి. వలె ఈ వైరస్ మన కణముల వంశసూత్రములో దాగుకొనదు. అందుచేత ప్రతులు వ్రాయుట ఆగినచో ఉన్నవి నశించి శరీరము పూర్తిగా శుభ్రపడును. సూది లేదు, క్రుంగుదల లేదు. దినమునకొకసారి బిళ్ళలు, పండ్రెండు వారములు, అంతే.

ధర మాత్రము దారుణముగ నుండెను. అమెరికాలో ఆ పండ్రెండు వారముల సోఫాస్‌బువిర్‌కు మొదట నిర్ణయించిన వెల 84,000 డాలర్లు. 2014 సెప్టెంబరులో ఆ మందు కంపెనీ ఏడు భారతీయ కంపెనీలకు, 91 దేశములలో అమ్ముకొనుటకు, లైసెన్సులిచ్చెను. వానిలో హైదరాబాదునందలి హెటిరో ఒకటి. 2015లో హైదరాబాదు కంపెనీయే యగు నాట్కో కూడ ఆ వరుసలో చేరెను. పోటీవలన ధర దిగజారెను. 2023 నాటికి పేద దేశముల కొరకు సోఫాస్‌బువిర్, డక్లాటాస్‌విర్ రెండును కలిపి పూర్తి చికిత్సకు 60 డాలర్ల ధర కుదిరినది. లోకమున అనేకులు మ్రింగు ఈ బిళ్ళల తయారీలో మన ఊరి కర్మాగారములకు పాలు కలదను సంగతి తెలుగువారు గర్వింపదగినది.

మందు మారినను, ధర తగ్గినను, పాత సందేహము మిగిలెను. "మత్తులో నుండువాడు దినదినము బిళ్ళ మ్రింగునా? మధ్యలో మానివేయడా?" దీనికి సమాధానము ఊహవలన గాక ప్రయోగమువలన తేలినది. హెరాయిన్‌కు బదులుమందు తీసికొనుచున్న 301 మందిపై జరిపిన ఒక ప్రయోగము 2016లో ప్రచురితమైనది. వారిలో పలువురు అప్పటికిని ఏదో యొక మత్తుపదార్థము వాడుచునే యుండిరి. అయినను వెంటనే చికిత్స ఆరంభించిన వర్గములో నూటికి 91 మందికి పైగా నయమయ్యెను. 2018లో ప్రచురితమైన మరియొక ప్రయోగములో, ఇటీవలనే సూది ఎక్కించుకొనిన 103 మందికి ఏడు దేశములలో సోఫాస్‌బువిర్, వెల్పాటాస్‌విర్ ఇచ్చిరి. వారిలో 97 మందికి నయమయ్యెను. వాషింగ్టన్ నగరమున అతిపేదలగు నూరుమంది సూది వ్యసనపరులకు చికిత్స చేయగా 82 మందికి నయమయ్యెను. నిలువనీడ లేనివారు, పోలీసులకు వెరచి తిరుగువారు, వీరు సైతము మందు మ్రింగగలరని ఈ లెక్కలు చాటుచున్నవి. కొన్ని దినములు తప్పినను తిరిగి అందుకొని ముగించినవారికి ఫలితము చాలవరకు దక్కినది. 2018లో ప్రపంచ ఆరోగ్య సంస్థ, పండ్రెండేండ్లు దాటిన దీర్ఘరోగులందరికిని, గర్భిణీ స్త్రీలు దక్క, చికిత్స చేయవలెనని సిఫారసు చేసెను. వ్యసనపరులు అందుకు మినహాయింపు కారు.

అయితే వ్యసనమును అట్లే వదలివేయవలెనా? కూడదు. రెంటికిని ఒకే చోట, ఒకే కాలమున వైద్యము చేయవలెను. 1965లో న్యూయార్కు వైద్యులగు విన్సెంట్ డోల్, మేరీ నైస్వాండర్ అనువారు, హెరాయిన్ రోగులకు మెథడోన్ అను మందును దినమునకొకసారి నోట ఇచ్చి వారి జీవితములు కుదుటపడుటను లోకమునకు తెలిపిరి. నేడు మన దేశములో ఎక్కువగా వాడునది బ్యూప్రెనార్ఫిన్ అను, నాలుక క్రింద పెట్టుకొను బిళ్ళ. ఇది ఇంతకు ముందు చెప్పిన గ్రాహకములనే నింపును. అయితే నెమ్మదిగా, పరిమితముగా నింపును. వణకు ఆగును, కోరిక తగ్గును, మత్తు తలకెక్కదు. రోగి పనికి పోగలడు, అన్నము తినగలడు, ఇంటిలో నిద్రపోగలడు.

"ఇది ఒక మత్తు పోయి మరియొక మత్తు వచ్చినట్లు కాదా?" అని పెద్దలు అడుగుదురు. ఈ అనుమానము సహజము. కాలు విరిగినవాడు ఊతకర్ర పట్టుకొని నడుచునపుడు వానికి కర్ర వ్యసనమైనదని మనమనము. కొందరు కొన్ని మాసములకు కర్ర వదలుదురు, కొందరు కొన్నేండ్లకు, కొందరికి అది ఎల్లప్పుడు కావలసి యుండును. నడక ముఖ్యము. అనేక పరిశోధనలను కలిపి 2017లో తేల్చిన సారమిది: ఇట్టి బదులుమందు తీసికొనువారికి హెపటైటిస్ సి సోకు ప్రమాదము సగమునకు తగ్గును. దానితో బాటు శుభ్రమైన సూదులు ధారాళముగ అందించినచో నూటికి 74 వంతులు తగ్గును. బదులుమందు కొరకు దినము వచ్చు రోగికి అదే కిటికీ వద్ద కాలేయపు బిళ్ళయు ఈయవచ్చును. ఈ రెండు జాతుల మందులకు పరస్పర వైరము లేదు. ఒకదానికొరకు మరియొకదాని మోతాదు మార్చ నక్కరలేదు.

మన దేశమున పంజాబు ఇందుకు దారి చూపినది. 2016 జూనులో ఆ రాష్ట్ర ప్రభుత్వము హెపటైటిస్ సి కి ఉచిత చికిత్స ఆరంభించెను. 22 జిల్లా ఆసుపత్రులలోను, 3 ప్రభుత్వ వైద్యకళాశాలలలోను దానిని నడపిరి. కాలేయ నిపుణులు అన్ని ఊళ్ళలో ఉండరు గదా! చండీగఢ్‌లోని వైద్యవిద్యా పరిశోధన సంస్థ నిపుణులు సామాన్య వైద్యులకు తర్ఫీదునిచ్చిరి. 48,088 మంది రోగుల ఫలితములు 2019లో ప్రచురితమయ్యెను. చికిత్స ముగించి తుది పరీక్షకు వచ్చినవారిలో నూటికి 91 మందికి పైగా నయమైనట్లు తేలెను. 2017 అక్టోబరులో అదే రాష్ట్రము బ్యూప్రెనార్ఫిన్ బిళ్ళలిచ్చు బహిరోగి కేంద్రములను తెరచెను. జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థయు 2007లో ఆరంభమైన తన మూడవ దశ కార్యక్రమములో బదులుమందు చికిత్సను చేర్చుకొనెను. 2018 జూలై 28న కేంద్ర ప్రభుత్వము జాతీయ వైరల్ హెపటైటిస్ నియంత్రణ కార్యక్రమమును ఆరంభించి, పరీక్షయు చికిత్సయు ఉచితము చేసెను. తెలుగు రాష్ట్రములకు కూడ ఇది వర్తించును.

మరియొక ఆక్షేపణ మిగిలినది. "నయమైన తరువాత మరల సూది పట్టినచో రోగము మరల రాదా? అప్పుడు మందు వ్యర్థము కాదా?" రావచ్చును. ఒకసారి నయమైనంత మాత్రమున రక్షణ కలుగదు. కాని ఎంతమందికి వచ్చుచున్నది? మీద చెప్పిన 301 మంది ప్రయోగము పిమ్మట వారిలో పలువురిని మూడేండ్లు గమనింపగా, నూరుమందికి ఏడాదికి రమారమి ఇద్దరికి మాత్రమే తిరిగి సోకెను. ఆ ఇద్దరికిని మరల చికిత్స చేయవచ్చును. మరియు లెక్కను రెండవ వైపునుండి చూడవలెను. నయమైన ప్రతి మనుజుడు ఇతరులకు అంటించుట మానిన మనుజుడు. ఎక్కువగా అంటించు అవకాశము గలవారికే ముందు చికిత్స చేసినచో ఊరంతటికిని లాభము. ఐస్‌లాండ్ అను చిన్న దేశము 2016 జనవరిలో ఈ పద్ధతినే అవలంబించి, సూది వాడువారిని ముందు పిలిచి చికిత్స చేసెను. మూడేండ్లలో గుర్తించిన రోగులలో నూటికి తొంబదిమందికి పైగా చికిత్స ఆరంభమయ్యెను. ఒకే సూదిని పంచుకొను స్నేహితులకు, దంపతులకు ఒకేసారి వైద్యము చేయుట మంచిదని అనుభవజ్ఞులు చెప్పుదురు.

ఇక గృహస్థులు తెలిసికొనవలసిన కొన్ని సంగతులు. పరీక్ష రెండు మెట్లు. మొదటిది యాంటీబాడీ పరీక్ష. ఇది వైరస్ ఎన్నడైన శరీరమున ప్రవేశించినదా యని మాత్రమే చెప్పును. రెండవది ఆర్.ఎన్.ఏ. పరీక్ష. వైరస్ ఇప్పుడున్నదా లేదా అనునది దీనివలననే తెలియును. నయమైన పిదపకూడ మొదటి పరీక్షలో రోగమున్నట్లు కనబడుచునే యుండును; యాంటీబాడీలు సామాన్యముగ జీవితాంతము నిలుచును. ఈ సంగతి తెలియక నయమైనవానిని రోగిగా ఎంచి ఉద్యోగము నుండి, పెండ్లి నుండి దూరము చేయుట అన్యాయము. నయమైనట్లు రుజువు కావలెనన్నచో చికిత్స ముగిసిన పండ్రెండు వారములకు ఆర్.ఎన్.ఏ. పరీక్ష చేయింపవలెను. అందు వైరస్ లేనిచో రోగము పోయినట్లే.

కాలేయము ఎంత చెడినదో తెలిసికొనుటకు సూదితో ముక్క తీయనక్కరలేదు. వయస్సు, కొన్ని సాధారణ రక్తపరీక్షలు కలిపి లెక్కగట్టుదురు. సిరోసిస్ ఉన్నచో మందు కలయిక మారును, కొందరికి కాలము పెరుగును. నయమైన తరువాత కూడ ఆరు మాసములకొకసారి స్కానింగు చేయించుకొనుచు క్యాన్సర్ కొరకు కనిపెట్టి యుండవలెను. చికిత్సకు ముందు హెపటైటిస్ బి పరీక్ష తప్పనిసరి. ఏలయన సి పోవుచుండగా దాగియున్న బి విజృంభింపవచ్చును. క్షయకు వాడు రిఫాంపిసిన్, మూర్ఛకు వాడు ఫెనిటోయిన్, కార్బమజెపిన్ అను మందులు ఈ బిళ్ళల బలమును తగ్గించును. గుండె లయకు వాడు అమియోడరోన్ సోఫాస్‌బువిర్‌తో కలిసినచో నాడి ప్రమాదకరముగ మందగించును. కావున తాను వాడు మందులన్నియు వైద్యునికి దాచక చెప్పవలెను. సారాయి కాలేయమునకు రెండవ శత్రువు. దానిని తగ్గించిన కొలది మేలు. పసరు మందులు నమ్మి కాలము గడపుట మాత్రము కూడదు.

దాచక చెప్పవలెనంటిమి. కాని చెప్పినవానిని మనమెట్లు చూతుమనుదానిపై అది ఆధారపడి యున్నది. ఆసుపత్రిలో మొదటి ప్రశ్నకే చీదరింపు ఎదురైనవాడు రెండవసారి రాడు. ఇంటిలో పరువు పోవునని గదిలో పెట్టి తాళము వేసిన బిడ్డ, తాళము తీసిన దినముననే పరుగెత్తి పాత మోతాదు ఎక్కించుకొనును. శరీరము అప్పటికి ఆ మోతాదును తాళుట మరచిపోయి యుండును; ఊపిరి ఆగి మరణించుట పెక్కుసార్లు ఇట్లే జరుగుచున్నది. చట్టము కూడ చికిత్స కోరువానికి కొంత దారి విడిచినది. 1985 నాటి మాదకద్రవ్యముల చట్టములోని 64-ఏ విభాగము, స్వయముగ గుర్తింపు గల సంస్థలో చికిత్సకు పోవు వ్యసనపరునకు, స్వల్ప పరిమాణమునకు సంబంధించిన నేరము విషయమున ప్రాసిక్యూషన్ నుండి రక్షణ కల్పించుచున్నది. ఎచ్చటికి పోవలెనో తెలియని కుటుంబములవారు 14446 అను జాతీయ సహాయ టెలిఫోను నంబరుకు ఉచితముగ మాట్లాడవచ్చును.

కనుక మన ప్రశ్నకు సమాధానము స్పష్టము. మందు ముందు అనుటయు తప్పే, మానుట ముందు అనుటయు తప్పే. రోగి తలుపు తట్టిన దినమే రెంటికిని మొదలు. ఆనాడతడు సూది వదలి యుండవచ్చును, వదలక యుండవచ్చును. అతని కాలేయము మాత్రము ఆ లెక్క చూచి ఆగదు. పండ్రెండు వారములు క్రమముగ బిళ్ళ మ్రింగి, "నీ ఒంటిలో వైరస్ లేదు" అను మాట విన్న మనుజునకు, తాను ఒక పనిని పట్టుదలగా ముగింపగలనను నమ్మకము కలుగును. వ్యసనముతో పోరాడుటకు అతనికి కావలసిన బలమదియే. ఆ బలమును అందించుట వైద్యుని వంతు. ఆ పండ్రెండు వారములు అన్నము పెట్టి, బిళ్ళ వేళ గుర్తుచేసి, గడచిన దానిని ఎత్తిపొడువక యుండుట ఇంటివారి వంతు.